అలల రొదలో భూగర్భపు ప్రతిధ్వని

హైదరాబాదు నగరమునకు సముద్రము లేదు. తూర్పు తీరము ఇచ్చటికి దాదాపు 300 కిలోమీటర్ల దూరమున నున్నది. అయినను దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతముల విద్యార్థులు నాగోలు మీదుగా ఉప్పల్ చేరి, హబ్సీగూడ వైపు సాగినచో, సముద్రగర్భమును కూడ శోధించు సంస్థ యొకటి వారికి కనబడును. అదియే 1961లో స్థాపింపబడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ. మీథేను వాయువు నీటితో కలిసి మంచువలె గడ్డకట్టిన పదార్థమునకు గ్యాస్ హైడ్రేటు అని పేరు. కృష్ణా గోదావరి తీరమునకు ఆవల సముద్రపు అడుగున దాగిన ఈ నిక్షేపముల జాడ తీయుటలో ఈ సంస్థ శాస్త్రజ్ఞులు విశేషముగ కృషి చేసిరి. వెలుతురు చొరని లోతున నున్నదానిని కనుగొనుట యెట్లు? చూచుటకు వీలు లేదు గనుక వినుటయే మార్గము.

నౌక వెనుక కట్టిన ఎయిర్ గన్ అను పరికరము, అదిమి ఉంచిన గాలిని ఒక్క పెట్టున నీటిలోనికి విడుచును. ఆ ధ్వని సముద్రపు అడుగును, దాని క్రింది పొరలను తాకి మరలి వచ్చును. కిలోమీటర్ల పొడవున నౌక లాగుకొనిపోవు కేబులులోని హైడ్రోఫోనులు ఆ ప్రతిధ్వనిని వినును. లోతైన పొరలనుండి వచ్చు ప్రతిధ్వని మిక్కిలి బలహీనము. సముద్రమో, నిశ్శబ్దముగ నుండదు.

వాతావరణపు అలజడి భూకంపలేఖినులను సైతము కదలించునను సంగతిని మన దేశమున చాలకాలము క్రిందటనే పరిశీలించిరి. బొంబాయి కొలాబా వేధశాలలో పనిచేసిన సుధాంశు కుమార్ బెనర్జీ, భారత సముద్రములలోని తుఫానులకును సూక్ష్మకంపములకును గల సంబంధమును వివరించుచు 1930లో వ్యాసము ప్రకటించెను. తుఫాను జాడ తెలియగోరు వానికి ఆ కంపములు విలువైన వార్తలు. భూమి పొరల ప్రతిధ్వని కొరకు చెవి యొగ్గిన వానికి అటువంటి కంపములే రొద.

కేబులును నీటి క్రిందికి దింపుట మొదటి ఉపాయము. అల కదలిక లోతునకు పోయినకొలది తగ్గును. 3 సెకనులకొకసారి లేచు చిన్న అల పొడవు సుమారు 14 మీటర్లు; 8 మీటర్ల లోతున దాని కదలిక నూటికి 3 వంతులు మాత్రమే మిగులును. కాని దూరపు తుఫానునుండి 10 సెకనుల కొకటిగా వచ్చు ఉబ్బుటల పొడవు 156 మీటర్లు. అదే లోతున దాని కదలిక నూటికి 70 వంతులకు పైగా నిలిచియుండును. అది కేబులును కుదుపగా, సెకనుకు సుమారు 2 మొదలు 15 కంపనముల వరకు రొద పుట్టును.

ఈ తక్కువ కంపనములను వడపోసి తీసివేయవచ్చును గదా యని విద్యార్థులు అడుగవచ్చును. చిక్కంతయు ఇచ్చటనే కలదు. లోతైన పొరల వార్తను తెచ్చునవి కూడ తక్కువ కంపనములే. పొల్లును చెరుగబోయి గింజలను పారవేయరాదు గదా!

1956లో హ్యారీ మేన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు మరియొక మార్గమునకు పేటెంటు పొందెను. భూగర్భమందలి ఒకే బిందువును వేర్వేరు స్థానములనుండి పలుమార్లు విని, ఆ ఫలితములను కలుపుటయే అది. 16 మార్లు కలిపిన ప్రతిధ్వని 16 రెట్లగును. క్రమము లేని రొద మాత్రము సుమారు 4 రెట్లే పెరుగును. ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. 16 నాణెములను ఎగురవేసి, బొమ్మకు ఒకటి కలిపి, బొరుసుకు ఒకటి తీసివేసినచో, మిగులు సంఖ్య సాధారణముగ 4కు మించదు.

కేబులును మరింత లోతునకు దింపుటలో మరియొక ఆటంకము కలదు. పైకి వచ్చిన ధ్వని నీటి ఉపరితలమును తాకి, తలక్రిందులై మరల దిగివచ్చును. ఈ రెంటి కలయికవలన 7.5 మీటర్ల లోతున సెకనుకు 100 కంపనముల ధ్వనియు, 15 మీటర్ల లోతున 50 కంపనముల ధ్వనియు అణగిపోవును. పలుచని పొరలను వేరుపరచి చూపునవి ఎక్కువ కంపనములే గనుక ఇది పెద్ద నష్టము. 2007లో ఒక కొత్త కేబులు వెలువడెను. అది నీటి ఒత్తిడిని, నీటి కదలికను రెంటిని కొలుచును. ఈ రెండు కొలతలను పోల్చినచో పైకి పోవు ధ్వని యేదో, క్రిందికి దిగు ధ్వని యేదో తేలును. అందుచే అలల తాకిడి తక్కువగ నుండు లోతున కేబులును లాగుట సాధ్యమైనది.

బంగాళాఖాతమున జూన్ మొదలు సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనములు, అటుపిమ్మట తుఫానులు. నౌకలకు అనుకూలమైన దినములు కొలదియే. 2002లో కృష్ణా గోదావరి లోతునీటిలో సహజవాయువు బయల్పడినది. 2009లో ఉత్పత్తి మొదలైనది. 2006లో ఆ ప్రాంతముననే తవ్విన బావులలో గ్యాస్ హైడ్రేట్లు లభించినవి. లోతునీటి బావి తవ్వుట మిక్కిలి వ్యయముతో కూడిన పని. రొదను ప్రతిధ్వనిగా భ్రమించినను, ప్రతిధ్వనిని రొదగా ఎంచి తుడిచివేసినను ఆ వ్యయము నీటిపాలగును. సముద్రము నోరు మూయించుట ఎవరి తరమును కాదు. ఏది అలల మాటయో, ఏది భూమి మాటయో వేరుపరచుటయే శాస్త్రజ్ఞులు సాధించిన విద్య.