వకీలు, వకాల్తా
దోహాలోని మన తెలుగువారు కోర్టున తమ పక్షమున వాదించువానిని ‘వకీలు’ అనుట వినుచుందుము గాని, ఆ మాటకు పుట్టినిల్లైన అరబ్బీలో ‘అప్పగించు’ అను ధాతువునుండి వచ్చిన వకీల్ శబ్దమునకు ప్రతినిధి, వ్యాపారపు ఏజెంటు అనునవి వాడుకలోని అర్థములు. మంత్రిత్వశాఖలో మంత్రికి దిగువ నుండు ఉన్నతాధికారియు వకీలే. న్యాయవాదినో, ‘రక్షించు’ అను ధాతువునుండి పుట్టిన ‘ముహామీ’ అను పేర పిలుతురు. పారసీకము ద్వారా మొగలాయి దర్బారులకు చేరి రాజప్రతినిధిని, రాయబారిని తెలిపిన వకీలు పదము, ఆంగ్లేయుల కాలమున కోర్టున వాదించువానికే పరిమితమై, ప్లీడరు, ముఖ్తారుల సరసను, ఇంగ్లండులో పట్టము పొందివచ్చిన బారిష్టరు సరసను నిలిచినది. 1961 నాటి అడ్వకేట్ల చట్టము వృత్తిలోని వారినందరిని అడ్వకేట్లు అను ఒకే తరగతిగా జేసినను, జనుల నోట వకీలు చెక్కుచెదరలేదు. అడుగకయే పరులకై వాదించువానిని ‘వకాల్తా పుచ్చుకొన్నావా’ యని మా పెద్దలు ఎకసెక్కెమాడుట నేనెరుగుదును. అయితే మన వకాల్తా కేవలము కోర్టులో వాదించుటకిచ్చు అధికారపత్రము. ఖతరులోని ‘వకాలా’ ఆస్తి నమ్ముటకును, సొమ్ము రాబట్టుటకును అధికార మీయగల పత్రము. కావున మాట పోలికను నమ్మక, అందలి అధికారముల నొక్కొక్కటిగా చదివించుకొని పిమ్మటనే చేవ్రాలు చేయుడు.