దిసమొల కథలు: వేంగి నుంచి మైదానం దాకా

ఏలూరికి ఉత్తరంగా పన్నెండు కిలోమీటర్ల దూరంలో పెదవేగి ఉంది. శాలంకాయనులు, ఆ తర్వాత తూర్పు చాళుక్యులు రాజధాని చేసుకున్న వేంగీపురం ఇదే. వెయ్యేళ్ళ కిందట ఈ చుట్టుపక్కల దారుల్లో ఒంటి మీద నూలుపోగు లేని మనిషి ఎదురుపడటం వింతేమీ కాదు. అతను దిగంబర జైన ముని. చేతిలో నెమలి ఈకల కుంచె ఉండేది. తలవెంట్రుకలను తన చేత్తో తనే పీక్కునేవాడు. రోజుకు ఒక్క పూటే, అదీ నిలబడి, దోసిట్లో పెట్టింది తినేవాడు. అలాంటి మునులకు గుడులు కట్టించడం, ఊళ్ళు రాసివ్వడం వేంగి రాజులకు అలవాటే.

తూర్పు చాళుక్య రాజ్యానికి మొదటివాడైన కుబ్జ విష్ణువర్ధనుడి భార్య అయ్యణ మహాదేవి 7వ శతాబ్దంలోనే బెజవాడలోని నడుంబి వసది అనే జైన ఆలయానికి ముసినికొండ గ్రామాన్ని ఇచ్చింది. మూడు వందల ఏళ్ళ తర్వాత, 10వ శతాబ్దంలో రెండో అమ్మరాజు వేయించిన కలుచుంబర్రు శాసనం ఇంకా ఆసక్తికరమైనది. ఆ ఊరు అత్తిలినాడులో ఉండేది. ఇప్పటి లెక్కలో తాడేపల్లిగూడెం, తణుకుల చుట్టుపక్కల అన్నమాట. దానం అందింది అర్హనంది అనే జైన గురువుకు. సర్వలోకాశ్రయ జినభవనంలో భోజనశాల మరమ్మతు కోసం ఇచ్చారు. ఇప్పించింది చామెకాంబ. ఆమె పట్టవర్ధిక వంశంలో పుట్టిన రాజగణిక అనీ, అర్హనందికి శిష్యురాలనీ రాగిరేకులు చదివిన పండితులు చెప్పారు. బట్ట కట్టని సన్యాసుల అన్నశాల బాగుకోసం ఆస్థాన గణిక పూనుకోవడం ఆనాటి వేంగి లోకం.

కథల లోకంలో మాత్రం గణికనూ సన్యాసినీ వేరే విధంగా కలిపారు. ఆ పని చేసినవాడు దండి.

కంచిలో పల్లవుల కొలువు దగ్గర మెలిగిన దండి సంస్కృతంలో రాసిన 'దశకుమారచరితం'లో విరూపకుడనే పాత్ర ఉంది. చంపానగరంలో కోటీశ్వరుడి కొడుకు, చూడ్డానికి అనాకారి. అదే ఊళ్ళో సుందరకుడనే అందగాడున్నాడు, చేతిలో కాసు లేదు. ఇద్దరిలో ఎవరు గొప్పో తేల్చాలని అల్లరిమూక పందెం పెట్టింది. కామమంజరి అనే వేశ్య ఎవరిని వరిస్తే వాడే గొప్ప. ఆమె డబ్బును వరించింది. కొద్దిరోజుల్లోనే విరూపకుడి ఆస్తంతా ఊడ్చేసి గోచిగుడ్డతో వీధిలోకి నెట్టింది. ఊరంతా నవ్వుతుంటే తలెత్తుకోలేక అతను జైన విహారంలో చేరాడు. వేశ్య ఇంటి నుంచి వచ్చినవాడికి ఈ వేషం సులువేనని లెక్క వేసుకుని ఆ గోచి కూడా వదిలేశాడు. ఆ తర్వాత వెంట్రుకలు పీక్కునే బాధ, ఆకలి, దాహం, ఒంటి నిండా మురికి. తట్టుకోలేక అశోకవనంలో ఏడుస్తూ కూర్చున్నాడు. కథానాయకుల్లో ఒకడైన అపహారవర్మ అతన్ని చూసి జాలిపడి, మాయసంచి నాటకమాడి కామమంజరి చేతనే సొమ్ము తిరిగి ఇప్పిస్తాడు.

భారతీయ సాహిత్యంలో దిసమొల బతుకును లోపలి నుంచి చెప్పిన తొలి కథల్లో ఇదొకటి. చెప్పేవాడు విరూపకుడే. బట్టల్లేకపోవడం అతనికి స్వేచ్ఛ కాదు, దివాలా. శాసనంలో గణిక సన్యాసులకు అన్నం ఏర్పాటు చేస్తే, కథలో గణిక ఒకణ్ణి సన్యాసిని చేసింది. వ్రతంగా నగ్నత్వాన్ని నమ్మినవాళ్ళు ఊరూరా ఉన్న కాలంలోనే, కథ రాసేవాడికి అది నవ్వు పుట్టించే సరుకుగా కనిపించింది.

వేంగి దగ్గరి కొల్లేరు సరస్సు కూడా ఆ పుస్తకంలో ఉందని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. మరో కథానాయకుడు మంత్రగుప్తుడి కథలో ఆంధ్రరాజు జయసింహుడి నగరం పక్కన సముద్రమంత సరస్సు వస్తుంది. రాత్రివేళ అందులో మునిగి లేస్తే కొత్త శరీరం వస్తుందని నమ్మి నీళ్ళలో దిగిన రాజును అక్కడే చంపి, కొత్త ఒంటితో వచ్చిన రాజు తనేనంటూ మంత్రగుప్తుడు ఒడ్డుకొస్తాడు. కుబ్జ విష్ణువర్ధనుడి కొడుకు పేరూ జయసింహుడే కావడంతో ఆ సరస్సు కొల్లేరేనన్న వాదానికి బలం వచ్చింది.

13వ శతాబ్దంలో కేతన ఈ పదిమంది కుమారుల కథల్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి తిక్కనకు అంకితమిచ్చాడు, 'అభినవదండి' అనిపించుకున్నాడు. అప్పటికి వేంగిలో చాళుక్యుల దీపం ఆరిపోయింది. వీరశైవం ఊపు మీద ఉంది. పాల్కురికి సోమనాథుడి 'బసవపురాణం'లో జైనులు ఎప్పుడూ ఓడిపోయే పక్షమే. దారిలో నిజంగా ఎదురయ్యే దిగంబరులు తగ్గిపోయారు, కథల్లోని దిగంబరులు మిగిలారు.

జైనుల్లోనూ బట్ట మీద పెద్ద వాదమే నడిచింది. స్త్రీ బట్ట విడవలేదు కనుక ఆ జన్మలో ఆమెకు మోక్షం లేదన్నది దిగంబరుల మాట. నగ్నంగానే ఉంటూ, స్త్రీకీ మోక్షం ఉందన్నవాళ్ళు యాపనీయులు. రెండో అమ్మరాజు మలియపూండి అనే ఊరిని దానమిచ్చిన గుడి ఈ యాపనీయులదే. అయినా స్త్రీ తన ఒంటి గురించి తనే చెప్పుకునే తెలుగు కథ రావడానికి ఇంకా చాలా శతాబ్దాలు పట్టింది. 18వ శతాబ్దంలో తంజావూరు గణిక ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము' అటువైపు వేసిన పెద్ద అడుగు. దాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయిస్తే, బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రధానిగా ఉన్నప్పుడు, 1947లో గానీ ఆ నిషేధం తొలగలేదు.

ఈలోగా నగ్నత్వానికి కొత్త కారణం ఒకటి జర్మనీ నుంచి దిగుమతి అయింది. అది ఆరోగ్యం. లైప్జిగ్ నగరంలో లూయీ కూనే మందుల్లేని వైద్యం మొదలుపెట్టి, తొట్టి స్నానం, ఆవిరి స్నానం, ఒంటి మీద పచ్చి ఆకులు కప్పుకుని ఎండ కాచుకోవడం నేర్పాడు. అడాల్ఫ్ యూస్ట్ 1896లో హార్జ్ కొండల్లో 'యుంగ్‌బోర్న్' పెట్టి రోగుల్ని గాలికీ వెలుతురుకూ బట్టల్లేకుండా వదిలాడు, ఆడవాళ్ళకు ఒక ఆవరణ, మగవాళ్ళకు ఒకటి. 1903లో హాంబర్గ్ దగ్గర మొదటి నగ్న విహారవనం తెరిచారు. ఇంగ్లండులో, ఫ్రాన్సులో తర్వాత వచ్చిన నేచరిస్టు క్లబ్బులకు మూలం ఈ వైద్యమే.

కూనే పుస్తకం భారతీయ భాషల్లో అందరికంటే ముందు వచ్చింది తెలుగులోకే. 1894లో డి. వెంకటచలపతి శర్మ దాన్ని అనువదించారు. హిందీ, ఉర్దూల్లోకి పదేళ్ళ తర్వాత గానీ రాలేదు. భారతదేశంలో ప్రకృతి చికిత్స చరిత్రను ఈ తెలుగు అనువాదంతోనే మొదలుపెడతారు. గాంధీ కూనేనూ యూస్ట్‌నూ చదివి తన ఒంటి మీదే ప్రయోగాలు చేశాక ఆ వైద్యానికి దేశమంతటా పేరొచ్చింది. కొల్లేటి దిగువన భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజు ప్రకృతి చికిత్సను నిలబెట్టారు. మట్టి పట్టీ, అరటాకు స్నానం డెల్టా జనానికి అలవాటైన మాటలయ్యాయి. అరటాకులు చుట్టుకుని ఎండలో పడుకునే రోగి కూనే ఆకుల స్నానానికి వారసుడే. వైద్యం మాత్రమే మనదాకా వచ్చింది, క్లబ్బు రాలేదు.

నిజానికి క్లబ్బు మన దేశంలోనే ముందు పుట్టింది. 1891లో ఠాణేలో జిల్లా జడ్జిగా ఉన్న చార్లెస్ క్రాఫర్డ్ అనే ఇంగ్లీషువాడు 'ఫెలోషిప్ ఆఫ్ ది నేకెడ్ ట్రస్ట్' పెట్టాడు. నియమాలన్నీ పద్ధతిగా రాసుకున్నాడు. సభ్యులు తనతో కలిపి ముగ్గురు. ఆ వివరాలు అతను ఎడ్వర్డ్ కార్పెంటర్ అనే రచయితకు రాసిన ఉత్తరాల్లో మిగిలాయి. మరుసటి ఏడాదికే సంఘం చెదిరిపోయింది. ప్రపంచంలో మొదటి నేచరిస్టు సంఘంగా దాన్నే చెబుతారు.

తెలుగులో ఈ జీవితానికి దగ్గరగా వచ్చిన నవల చలం రాసిన 'మైదానం', 1927. వకీలు భార్య రాజేశ్వరి ఇల్లూ సంసారమూ వదిలి అమీరుతో వెళ్ళిపోతుంది. ఊరికి దూరంగా కొండ, ఏరు, ఇసుక, మధ్యలో ఓ పాక. అక్కడ వాళ్ళు ఎండలో, నీళ్ళలో, వెన్నెల్లో బతికే తీరులో ఒంటి మీద బట్ట ఉందా లేదా అన్నది విషయమే కాదు. వ్రతం లేదు, వైద్యం లేదు. విరూపకుడి సిగ్గు అసలే లేదు. కథ చెప్పేది రాజేశ్వరే, తన స్నేహితురాలితో. యాపనీయులు స్త్రీకి మోక్షం ఉందన్నారు, చలం ఆమెకు మైదానం ఇచ్చాడు.

అయితే చలం కూడా ఆ మైదానాన్ని శాశ్వతం చేయలేదు. మీరా అనే కుర్రవాడొచ్చాక, అమీరు మనసు వేరే పిల్ల మీదికి మళ్ళాక, పాక కూలింది. అమీరు తనను తాను పొడుచుకుని చస్తే ఆ నేరం రాజేశ్వరి తన మీద వేసుకుని జైలుకు వెళుతుంది. తర్వాతి ఏడాదే, 1928లో, ఇటలీలో డి.హెచ్. లారెన్స్ 'లేడీ చాటర్లీస్ లవర్' అచ్చు వేయించాడు. అందులోనూ పెళ్ళయిన స్త్రీ, ఊరికి దూరంగా ఓ గుడిసె, వానలో బట్టల్లేకుండా పరుగెత్తే జంట. ఇద్దరి పుస్తకాలనూ ఇళ్ళలో దాచుకుని చదివారు.

1965లో హైదరాబాదులో ఆరుగురు కవులు దిగంబరులమని ప్రకటించుకున్నారు: నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న. వాళ్ళు విప్పింది బట్టలు కాదు, మర్యాద. మొదటి సంపుటిని అర్ధరాత్రి రిక్షా కార్మికుడి చేత, 1966లో రెండోదాన్ని విజయవాడలో హోటల్ కార్మికుడి చేత, 1968లో మూడోదాన్ని విశాఖలో బిచ్చగత్తె చేత విడుదల చేయించారు. తమ కాలానికి నగ్ననామ సంవత్సరమని పేరు పెట్టుకున్నారు. ఇక్కడ నగ్నత్వం కోపానికి వేషమైంది. మూడు సంపుటాల తర్వాత వాళ్ళు ఆ పేరు కూడా వదిలేశారు, కొందరు విప్లవ రచయితల సంఘంలోకి వెళ్ళారు.

ఇన్ని శతాబ్దాల్లో తెలుగు రాత బట్టల్లేని మనిషిని మళ్ళీమళ్ళీ రంగం మీదికి తెచ్చింది. తెచ్చిన ప్రతిసారీ కారణం అడిగింది. దివాలా, మోక్షం, రోగం, మోహం, ఆగ్రహం. ఊరికే, హాయిగా, సెలవు రోజున ఏటి ఒడ్డున అలా ఉన్నానని చెప్పే పాత్ర మైదానంలో కొన్ని పేజీల పాటు కనిపించి మాయమైంది.

చట్టం తీరూ ఇంతే. లారెన్స్ నవల అమ్మిన బొంబాయి పుస్తకాల వ్యాపారి రంజిత్ ఉదేశీకి పడ్డ శిక్షను 1964లో సుప్రీంకోర్టు సమర్థించింది. అప్పుడు వాడిన కొలబద్ద విక్టోరియా రాణి కాలం నాటిది. దాన్ని 2014లో అవీక్ సర్కార్ కేసులో పక్కన పెట్టి, నగ్నచిత్రం ఉన్నంత మాత్రాన అశ్లీలం కాదని, ఈనాటి సమాజం కళ్ళతో, మొత్తం సందర్భంతో చూడాలని చెప్పింది. ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 294వ సెక్షన్ పాత మినహాయింపుల్నే కొనసాగించింది. గుడి గోడల శిల్పాలకూ, మతం కోసం వాడేవాటికీ అశ్లీల చట్టం వర్తించదు. కథకూ నవలకూ మాత్రం, కేసు పడితే, సాహిత్యం పేరిట లోకహితం ఉందని రుజువు చేసుకోవలసిన బాధ్యత అలాగే ఉంది.