ఇంగ్లండు తీరరక్షక గృహములు: వాస్తువు, వారసత్వము

ఇంగ్లండు సముద్రతీరపు పట్టణములలో ఒకే కప్పు క్రింద వరుసగా కూర్చిన చిన్న యిండ్లు తఱచుగా కనబడును. ఇవి పూర్వపు కోస్టుగార్డు గృహములు. వీనిలో అలంకారము లేదు; కావున కోటలను జూడవచ్చు యాత్రికులు వీనిని దాటిపోవుదురు. అయినను ఒక రాజ్యము తన ప్రజలనే శంకించి కట్టించిన యిండ్లగుటచే ఇవి పరిశీలనార్హములని మేము తలంచుచున్నాము.

పదునెనిమిదవ శతాబ్దమున తేయాకు, సారాయి, పొగాకులపై సుంకము మిక్కుటముగా నుండెను. తేయాకుపై నూటికి నూఱు మించిన సుంకమును 1784లో పన్నెండున్నరకు తగ్గించిరి. అయినను తక్కిన సరకుల దొంగరవాణా ఆగలేదు. 1809లో ఏర్పడిన జలరక్షక దళమును, సుంకపు నావలను, తీరమున గుఱ్ఱములపై తిరుగు సుంకరులను 1822లో ఏకము చేయగా కోస్టుగార్డు అను శాఖ పుట్టినది. తీరవాసులలో పలువురికి దొంగరవాణాయే జీవనాధారము. బంధుప్రీతికి వెఱచి ప్రభుత్వము ఏ యూరివానిని ఆ యూర కావలి యుంచెడిది కాదు. దూరదేశమునుండి వచ్చిన యీ సుంకరులకు ఇల్లు అద్దెకిచ్చువారు అరుదు. కావున ప్రభుత్వమే వారికి ఇండ్లు కట్టింపవలసి వచ్చెను. ఈ వాస్తువునకు మూలసూత్రము పరస్పరమైన అవిశ్వాసమే యని మా యభిప్రాయము.

ఇండ్ల యమరికయే యీ విషయమును చెప్పుచున్నది. వరుస చాలచోట్ల ఊరికి ఎడముగా, సముద్రము నిడివిగా కనబడు మిట్టపై నుండును. కావలివారి యిండ్లు ఒకే కొలతవి. అధికారి యిల్లు వరుస కొనయందు కొంత పెద్దది. చెంతనే కావలిగది, జెండాకంబము, దిగువ పడవకొట్టము. గోడలకు ఆ తీరమున దొరకు ఇటుకయో చెకుముకిరాయియో వాడిరి. రాత్రివేళ కావలివాడు పొరుగు ఠాణావాని కలిసికొనువఱకు తీరము వెంబడి నడచెడివాడు. నైరృతి ఇంగ్లండున నేడు పాదచారులు మెచ్చు సుదీర్ఘమైన తీరపు బాట యిట్టి నడకలవలననే యేర్పడినది. బాటను విడిచి యింటిని మాత్రమే రక్షింపబూనుట శరీరమును విడిచి తలను రక్షించుటవంటిది.

1856లో ఈ శాఖ నౌకాదళమునకును, 1923లో వాణిజ్యశాఖకును మాఱినది. దొంగరవాణా సన్నగిల్లిన పిదప ఓడలు పగిలినపుడు ప్రాణములు కాపాడుట ముఖ్యకార్యమయ్యెను. పనిదీఱిన యిండ్లు అన్యుల చేతులలో పడెను. సఫోకు సీమలో డన్విచ్ బీడున 1827లో కట్టిన గృహములు నేషనల్ ట్రస్టు అధీనమున విడిదిండ్లై, ఫలహారశాలయై యున్నవి.

చిక్కు సస్సెక్సు తీరమున వచ్చినది. బర్లింగ్ గ్యాపు గృహములు 1878లో కట్టినవి. అచ్చటి సుద్దచఱియను సముద్రము సగటున ఏటికి అర మీటరుకు పైగా కోయుచున్నది. 2000 ప్రాంతమున చఱియ పాదమున బండరాళ్ళ కట్టను నివాసులు కోరగా, విచారణానంతరము అనుమతి లభింపలేదు. 2013-14 శీతకాలపు తుఫానులు ఏండ్ల కోతను కొన్ని వారములలో ముగించుటచే 2014లో వరుసలో నొక యింటిని కూల్చివేసిరి. సమీపమున కక్‌మియర్ రేవులోని గృహములు సెవెన్ సిస్టర్స్ అను తెల్లని చఱియలకు ముందు నిలిచి చిత్రపటముల వలన లోకప్రసిద్ధములైనవి. 2007 నాటి ‘అటోన్‌మెంట్’ చిత్రమున గూడ కనబడును. అచ్చట యజమానులే సముద్రపు గోడల మరమ్మత్తునకు పూనుకొనిరి.

ఒకచోట విడుచుట, ఒకచోట పట్టుట! చఱియ తెల్లగా నుండుటకు కోతయే కారణము. కోత నాపినచో పచ్చిక పెరిగి తెలుపు మాయును. ఆపనిచో ఇల్లు పోవును. రెండును దక్కవలెనను వాదము మాకు సంగతముగా తోపదు. సముద్రమును చూచుటకై కట్టిన యింటిని ఊడదీసి లోపలి భూమిలో మరల నిలుపుటయు వ్యర్థమే. బర్లింగ్ గ్యాపు వరుసను సముద్రమునకు విడుచుటయే యుక్తము. అయితే ప్రతి యింటిని కూల్చుటకు ముందు కొలతలతో గూడిన పటములు వ్రాయింపవలెను. కిటికీ యే దిక్కు చూచెనో, బాట యెచ్చట దిగెనో, పడవ యెచ్చట నిలిచెనో వానిలో గుర్తింపవలెను.