వర్చువల్ ప్రపంచంలో ఇల్లు, స్థలం అమ్మకం: ఏది చేతులు మారుతుంది, ఏది మారదు

ఇల్లు అమ్మదలచినవారు గోడలకు రంగులు వేయిస్తారు, హద్దులు కొలిపిస్తారు, దస్తావేజులు సరిచూసుకుంటారు. కంప్యూటర్ తెరపై మాత్రమే ఉండే ఇంటికీ, స్థలానికీ ఈ మూడు పనులూ ఉన్నాయి. వాటి క్రమం మాత్రం తారుమారవుతుంది. వర్చువల్ ప్రపంచంలో మెరుగులు దిద్దడం చివరి పని. కళ్లెదుట కనిపిస్తున్న ఇంట్లో ఏ వస్తువును అమ్మే హక్కు ఉంది, దేనిని వాడుకునే అనుమతి మాత్రమే ఉంది అన్నది తేల్చుకోవడం మొదటి పని. ఇది తెలియక ఇష్టమైన వస్తువులను, అసలు డబ్బును పోగొట్టుకునే అవకాశం ఉంది. ఇలాంటి క్రయవిక్రయాలు రెండు దశాబ్దాలుగా సాగుతున్న ‘సెకండ్ లైఫ్’ ఇందుకు సరైన ఉదాహరణ.

సెకండ్ లైఫ్‌లో స్థలం అంటే

అమెరికాకు చెందిన లిండెన్ ల్యాబ్ సంస్థ 2003 జూన్‌లో సెకండ్ లైఫ్‌ను ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. ఇందులో గెలుపోటములు ఉండవు. సభ్యులు అవతార్ రూపంలో సంచరిస్తారు, ఇళ్లు కట్టుకుంటారు, దుస్తులు, సామగ్రి తయారుచేసి ఒకరికొకరు అమ్ముకుంటారు. అక్కడ చెలామణీ అయ్యేది లిండెన్ డాలరు. సంస్థ నిర్వహించే మారక విపణిలో దానిని నిజమైన డాలర్లలోకి మార్చుకోవచ్చు. చాలా ఏళ్లుగా ఒక అమెరికా డాలరు విలువ రమారమి 250 లిండెన్ డాలర్లుగా ఉంటోంది.

అక్కడి భూమిని ‘రీజియన్’లుగా విభజించారు. ఒక్కో రీజియన్ 256 మీటర్ల పొడవు, అంతే వెడల్పుతో 65,536 చదరపు మీటర్ల విస్తీర్ణంలో ఉంటుంది. అందులో ప్లాటు పరిమాణం కనిష్ఠంగా 16 చదరపు మీటర్లు ఉండవచ్చు. ఈ కొలతల వెనుక ఉన్న అసలు వస్తువు సర్వర్ సామర్థ్యం. అందుకే స్థలం ఉన్నంతకాలం నెలవారీ నిర్వహణ రుసుము కూడా ఉంటుంది.

ఈ వ్యాపారం ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి ఒక ఉదంతం చాలు. వర్చువల్ స్థలాలను కొని, తీర్చిదిద్ది, ముక్కలుగా అమ్మిన ‘అన్షే చుంగ్’ అనే అవతార్‌ను 2006 మే నెలలో బిజినెస్‌వీక్ పత్రిక ముఖచిత్రంగా వేసింది. తన వర్చువల్ ఆస్తుల విలువ పది లక్షల అమెరికా డాలర్లు దాటిందని ఆ అవతార్ యజమానురాలు అదే ఏడాది నవంబరులో ప్రకటించారు.

అమ్మే అర్హత ఉందా?

స్థలం ఏ తరగతికి చెందినదో మొదట గుర్తించాలి. చందా సభ్యులకు సంస్థ కేటాయించే ‘లిండెన్ హోమ్స్’ను అమ్మడానికి వీల్లేదు. అక్కర్లేదనుకుంటే తిరిగి అప్పగించాల్సిందే.

సంస్థ ఆధీనంలో ఉన్న ‘మెయిన్‌ల్యాండ్’లోని ప్లాటును స్వేచ్ఛగా అమ్మవచ్చు. అయితే కొనేవారికి కూడా ప్రీమియం సభ్యత్వం, ఆ విస్తీర్ణానికి సరిపడే నిర్వహణ పరిమితి ఉండాలి. ప్రీమియం సభ్యులకు 1,024 చదరపు మీటర్ల వరకు అదనపు రుసుము లేదు. కాబట్టి ఈ లోపు ఉన్న ప్లాటు ఎక్కువమందికి అందుబాటులో ఉంటుంది.

మూడో తరగతి ప్రైవేటు ఎస్టేట్లు. ఇక్కడ సంస్థకు రుసుము చెల్లించేది ఎస్టేటు యజమాని. ప్లాటు ‘కొన్న’ సభ్యులు ఆ యజమానికి నెలనెలా చెల్లిస్తారు. పేరుకు కొనుగోలుదారులే అయినా వారి స్థితి అద్దెదారులకు దగ్గరగా ఉంటుంది. మళ్లీ అమ్ముకోవచ్చా లేదా అన్నది ఎస్టేటు నియమావళిలో రాసి ఉంటుంది. దానిని చదవకుండా బేరం కుదుర్చుకోరాదు. స్థలం బృందం పేరిట ఉంటే, అందులో అమ్మే అధికారం తమకు ఉందో లేదో కూడా చూసుకోవాలి.

ఇంటిలోని వస్తువుల లెక్క

సెకండ్ లైఫ్‌లోని ప్రతి వస్తువుకూ నకలు తీసుకోవడం, మార్పులు చేయడం, ఇతరులకు బదిలీ చేయడం అనే మూడు అనుమతులు ఉంటాయి. వీటిలో ఏవి ఇవ్వాలో నిర్ణయించేది వస్తువు తయారీదారు. తాము సృష్టించిన వాటిపై మేధోహక్కులు సభ్యులవేనని లిండెన్ ల్యాబ్ 2003 నవంబరులో ప్రకటించింది. ఆ నిర్ణయం చేతివృత్తులవారి వంటి పెద్ద వర్గాన్ని అక్కడ తయారుచేసింది. అదే నిర్ణయం ఇల్లు అమ్మేవారి చేతులను కొంత కట్టేసింది. నకలు తీసుకునే వీలున్న ఇళ్లలో చాలావాటికి బదిలీ అనుమతి ఉండదు. అలాంటి ఇల్లు స్థలంతో పాటు కొత్త యజమానికి వెళ్లదు. విక్రేత దానిని మడిచి తన ‘ఇన్వెంటరీ’లో, అంటే వ్యక్తిగత భాండాగారంలో దాచుకోవాల్సిందే.

అందుకే స్థలం వివరాలు చూపే పట్టికలో వస్తువుల విభాగం తెరిచి, ఏ వస్తువు ఎవరిదో ఒక్కొక్కటిగా చూసుకోవాలి. అమ్మకపు పత్రంలో ‘స్థలంతో పాటు వస్తువులను అమ్మాలా?’ అన్న ప్రశ్న ఉంటుంది. అవునని ఎంచుకుంటే, విక్రేత పేరిట ఉండి బదిలీ అనుమతి ఉన్నవన్నీ ఒకేసారి కొనుగోలుదారు పరమవుతాయి. కాలం చేసిన మిత్రుడు చేసి ఇచ్చిన బల్ల నకలు తీయరానిది, బదిలీ చేయదగినది అయితే అది కూడా వెళ్లిపోతుంది. మళ్లీ రాదు. కాబట్టి నకలు లేని వస్తువులను అన్నిటికంటే ముందు, ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకోవాలి. అనేక భాగాలున్న ఇంటిని ఆ భాగాలు కలిపి ఉన్నాయో లేదో చూసుకున్నాకే ఎత్తాలి.

నేల మీద చూస్తే సరిపోదు. అక్కడ 4,096 మీటర్ల ఎత్తు వరకు కట్టడాలు నిలబెట్టవచ్చు. ఎప్పుడో ఆకాశంలో కట్టి మరిచిపోయిన గది, భూమి అడుగున ఉన్న కనిపించని పలక కూడా ప్లాటు సామర్థ్యాన్ని వాడుకుంటూనే ఉంటాయి. మెయిన్‌ల్యాండ్‌లో 1,024 చదరపు మీటర్ల ప్లాటుకు సాధారణ పరిమితి 351 యూనిట్లు. కొనేవారు మొదట చూసేది ఈ అంకెనే. ఇతర సభ్యులు వదిలి వెళ్లిన వస్తువులను వారికే తిప్పి పంపే సదుపాయం ఉంది. అయితే ముందుగా వారికి కబురు పెట్టడం మర్యాద.

నేల, హద్దులు, దారి

చెరువు తవ్వడానికో, గుట్ట పేర్చడానికో నేలను మార్చి ఉంటే, దానిని తొలి స్థితికి తెచ్చే సాధనం ఉంది. చదునైన ఖాళీ నేలపై కొనేవారు తమ ఇంటిని సులభంగా ఊహించుకోగలరు. పక్క స్థలాలవారిని అడ్డుకోవడానికి పెట్టుకున్న ప్రవేశ నిషేధాన్ని అమ్మకానికి ముందే ఎత్తివేయాలి. చూడవచ్చినవారు గుమ్మం దగ్గరే ఆగిపోతే బేరం సాగదు.

ప్లాటును చీల్చి అమ్మేటప్పుడు చిన్న ముక్కలు మిగల్చకూడదు. 2000 దశకం చివర కొందరు 16 చదరపు మీటర్ల ముక్కలు కొని, వాటిలో గిరగిరా తిరిగే ప్రకటన స్తంభాలు నాటి, ఆ పీడ వదిలించుకోవాలంటే ఎక్కువ ధరకు ముక్కను కొనమని పొరుగువారిని ఒత్తిడి చేశారు. చివరకు సంస్థ జోక్యం చేసుకుని ఇలాంటి ప్రకటనలపై ఆంక్షలు పెట్టవలసివచ్చింది.

ధర, అమ్మకం నమోదు

రోడ్డు వైపు, నీటి ఒడ్డున ఉన్న స్థలాలకు గిరాకీ ఎక్కువ. ఆ రోడ్డు, ఆ నీరు సంస్థ ఆధీనంలో ఉంటే అక్కడ ఎవరూ గోడ కట్టలేరన్న భరోసా ఉంటుంది. మరోవైపు, సభ్యులు వదిలేసిన మెయిన్‌ల్యాండ్ స్థలాలను సంస్థ చదరపు మీటరు ఒక లిండెన్ డాలరుకే ఇస్తూ వచ్చింది. మామూలు ప్లాటుకు ఎక్కువ ధర ఆశించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అమ్మకపు పత్రంలో ధర, కొనుగోలుదారు అనే రెండు గడులు అత్యంత కీలకం. ‘ఎవరికైనా’ అని ఎంచుకుంటే, ముందుగా చెల్లించినవారికే స్థలం దక్కుతుంది. చవక స్థలాల కోసం నిరంతరం వెతికే యాంత్రిక అవతార్లు, ధరలో ఒక సున్నా తగ్గిన స్థలాలను ఎగరేసుకుపోయిన సందర్భాలు గతంలో ఉన్నాయి. తెలిసినవారికి నామమాత్రపు ధరకు ఇవ్వదలిస్తే తప్పనిసరిగా వారి పేరే ఎంచుకోవాలి. డబ్బు చెల్లింపు, స్థలం బదిలీ ఒకే క్షణంలో జరుగుతాయి. కాబట్టి బయట బయానా తీసుకోవడం, ఇవ్వడం అనవసరం, ప్రమాదకరం.

అమ్మకంతో పని పూర్తికాదు. మెయిన్‌ల్యాండ్ రుసుమును గత 30 రోజుల్లో ఉన్న గరిష్ఠ విస్తీర్ణాన్ని బట్టి లెక్కిస్తారు. స్థలం పోయినా రుసుము స్థాయి దానంతట అది తగ్గదు. ఖాతాలోకి వెళ్లి స్వయంగా తగ్గించుకోకపోతే, లేని స్థలానికి బిల్లు వస్తూనే ఉంటుంది.

న్యాయస్థానానికి చేరిన ప్రశ్న

ఈ స్థలానికి అంతిమ యజమాని ఎవరు? 2006లో పెన్సిల్వేనియాకు చెందిన ఒక న్యాయవాది వేలం పద్ధతిలోని లొసుగును వాడుకుని తక్కువ ధరకు స్థలం పొందారని ఆరోపిస్తూ లిండెన్ ల్యాబ్ ఆయన ఖాతాను స్తంభింపజేసింది. ఆ స్థలంతో పాటు ఆయన మిగతా ఆస్తులు కూడా చేజారాయి. ఆయన దావా వేశారు. వివాదాన్ని మధ్యవర్తిత్వానికే పంపాలన్న ఒప్పంద షరతు అన్యాయమైనదని ఫెడరల్ న్యాయస్థానం 2007 మేలో తీర్పు చెప్పింది. అదే ఏడాది ఇరుపక్షాలు రాజీపడటంతో, వర్చువల్ స్థలంపై యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్నకు న్యాయస్థానం సమాధానం చెప్పే అవసరం రాలేదు. ప్రస్తుత నిబంధనల ప్రకారం స్థలమూ, లిండెన్ డాలరూ సంస్థ ఇచ్చే పరిమిత లైసెన్సులు మాత్రమే.

టోకెన్ భూములు, భారతీయ పన్ను

బ్లాక్‌చెయిన్ ఆధారిత ప్రపంచాలు ఈ లోపాన్ని సరిదిద్దుతామని వచ్చాయి. 2020 ఫిబ్రవరిలో ప్రజలకు తెరుచుకున్న డీసెంట్రలాండ్‌లో ప్రతి ప్లాటూ ఒక ఎన్ఎఫ్‌టీ. అక్కడి ఫ్యాషన్ వీధిలో కొంత స్థలం 2021 నవంబరులో సుమారు 24 లక్షల అమెరికా డాలర్లకు అమ్ముడుపోయింది. తర్వాత ధరలు బాగా పడిపోయాయి. టోకెన్ యజమాని దగ్గర భద్రంగానే ఉంటుంది. కానీ ఆ ప్రపంచానికి జనం రాకపోతే దాని విలువ నిలవదు. మైక్రోసాఫ్ట్ నడిపిన ఆల్ట్‌స్పేస్‌వీఆర్ 2023 మార్చిలో మూతపడినప్పుడు, అక్కడ సభ్యులు తీర్చిదిద్దుకున్న వేదికలు కూడా మాయమయ్యాయి.

భారత్‌లో ఉండి ఇలాంటి టోకెన్ భూములు అమ్మేవారు పన్ను లెక్క కూడా ముందే వేసుకోవాలి. వర్చువల్ డిజిటల్ ఆస్తుల బదిలీపై వచ్చే ఆదాయానికి 2022 ఏప్రిల్ 1 నుంచి 30 శాతం పన్ను, దానిపై సర్‌చార్జి, సెస్సు వర్తిస్తాయి. కొన్న ధర తప్ప ఇతర ఖర్చులను మినహాయించరు. ఒక ఆస్తిలో వచ్చిన నష్టాన్ని మరో ఆదాయంతో సర్దుబాటు చేసుకునే వీలు లేదు. నిర్దేశిత పరిమితి దాటిన చెల్లింపులపై ఒక శాతం టీడీఎస్ 2022 జులై 1 నుంచి అమలవుతోంది. అందువల్ల కొన్ననాటి రసీదు, లావాదేవీల చరిత్రను అమ్మకానికి ముందే దించుకుని భద్రపరచుకోవాలి.

మొత్తం మీద వర్చువల్ స్థలం అమ్మకంలో సాధారణంగా చేతులు మారేవి రెండు: సర్వర్‌లో కొంత చోటు వాడుకునే అనుమతి, దానికి నెలనెలా రుసుము కట్టే బాధ్యత. ఇల్లు చాలాసార్లు విక్రేత భాండాగారంలోకే తిరిగి వెళుతుంది. దానిని మరో స్థలంలో మళ్లీ నిలబెట్టుకోవచ్చు. కిటికీలోంచి కనిపించిన పొరుగు, సాయంత్రాలు కూడిన మిత్రులు మాత్రం ఏ అనుమతుల పట్టికలోనూ ఉండరు. అందుకే చాలాకాలం అక్కడ గడిపినవారు వస్తువులు ఎత్తడానికి ముందు చివరిసారి మిత్రులను పిలుచుకుని, ఆ ఇంటి చిత్రాలు తీసి దాచుకోవడం మంచిది. నేల ఖాళీ అయ్యాక ఆ పని చేయడం సాధ్యం కాదు.