మత్తుమందుకు తోడుమందు

1884 సెప్టెంబరులో హైడెల్‌బర్గ్‌లో జరిగిన నేత్రవైద్యుల సభలో కార్ల్ కోలర్ పత్రాన్ని మరొకరు చదివారు. వియన్నా నుంచి అక్కడికి వెళ్ళే స్తోమత ఆ యువవైద్యునికి లేదు. కొకెయిన్ చుక్కలతో కన్ను మొద్దుబారుతుందన్న ఆ వార్త కొద్ది వారాల్లోనే అట్లాంటిక్ దాటింది. న్యూయార్క్‌లో విలియం హాల్‌స్టెడ్ అదే మందును నరాల పక్కన సూదితో ఎక్కించి, శరీరంలో కావలసిన భాగాన్ని మాత్రమే మొద్దుబార్చవచ్చునని చూపాడు. ఆ ప్రయోగాలను తనమీద కూడా చేసుకుంటూ కొకెయిన్‌కు బానిస అయ్యాడు.

నరానికి మత్తు ఇవ్వడం తెలిసింది కానీ, దాన్ని అక్కడే నిలపడం తెలియలేదు. మందు రక్తంలో కలిసేకొద్దీ నరం తేరుకుంటుంది. కలిసిన మందు మెదడుకూ గుండెకూ చేరి విషమవుతుంది. మోతాదు పెంచితే మత్తు నిలిచే కాలంతోపాటు ప్రాణాపాయమూ పెరిగేది. 1885లో న్యూయార్క్ నాడీవైద్యుడు లెనర్డ్ కార్నింగ్, సూది వేసిన చోటికి పైన పట్టీ బిగించి రక్తప్రసారాన్ని అడ్డుకుంటే మత్తు చాలాసేపు నిలుస్తుందని గమనించాడు. తేలు కుట్టిన చేతికి పైన గుడ్డ బిగించే ఊళ్ళలో పెరిగినవారికి ఈ ఆలోచన వింతగా తోచదు. (పాముకాటుకు అలా కట్టవద్దని నేటి వైద్యం చెబుతుంది, అది వేరే సంగతి.) అయితే పట్టీ చేతికీ కాలికీ పనికివస్తుంది కానీ, దవడకు ఎలా కడతారు?

జవాబు పశువుల అధివృక్క గ్రంథుల నుంచి వచ్చింది. అమెరికాలో స్థిరపడిన జపాను రసాయనవేత్త జోకిచి తకమినె, ఉఎనక అనే సహాయకుని నైపుణ్యంతో, 1900లో ఆ గ్రంథుల సారాన్ని స్ఫటికాలుగా వేరుచేసి అడ్రినలిన్ అని పేరు పెట్టాడు. రక్తనాళాలను ముడుచుకునేలా చేసే ఆ మందును జర్మన్ శస్త్రవైద్యుడు హైన్రిఖ్ బ్రౌన్ కొకెయిన్‌తో కలిపి తన ముంజేతిలోనే పరీక్షించుకున్నాడు. 1903లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. కార్నింగ్ పట్టీ చేసిన పనిని అడ్రినలిన్ లోపలినుంచి చేసింది. 1904లో ఐన్‌హార్న్ తయారుచేసిన ప్రొకెయిన్ కొకెయిన్‌కంటే ఎంతో సురక్షితమే కానీ, ఒంటరిగా త్వరగా తేలిపోయేది. 1905లో బ్రౌన్ దానికి అడ్రినలిన్‌ను జోడించాకే అది శస్త్రచికిత్సకు అక్కరకు వచ్చింది. ఇప్పటికీ దంతవైద్యుడు వేసే లిగ్నోకెయిన్ సూదిలో తరచుగా 80,000 పాళ్ళకు ఒక పాలు అడ్రినలిన్ ఉంటుంది.

ఆయుర్వేదంలోని అనుపానానికి ఇది దూరపు చుట్టమనిపిస్తుంది. కానీ తరువాత వచ్చిన తోడుమందులన్నీ వేరే రోగాలకు పుట్టినవే. ముక్కుదిబ్బడకని 1962లో తయారైన క్లోనిడిన్ రక్తపోటు మందుగా మారి, 1980లలో వెన్నులోకీ, ఆపై నరాల పక్కకూ చేరింది. అది మత్తును సుమారు 2 గంటలు పొడిగిస్తుంది. రక్తపోటునూ నాడి వేగాన్నీ తగ్గిస్తుంది కూడా.

డెక్సామెథసోన్ కథ ఇంకా చిక్కైనది. భుజానికి శస్త్రచికిత్స చేయించుకుని ఆ సాయంత్రమే ఇల్లు చేరిన రోగికి, అర్ధరాత్రి మత్తు వదిలి ఒక్కసారిగా నొప్పి ఎగదన్నితే ఆదుకునేవారెవరు? ఆ రాత్రిని దాటించగల మందుగా దీనికి ఆదరణ పెరిగింది. చేతి శస్త్రచికిత్సలపై 2017 నాటి కోక్రేన్ సమీక్ష ప్రకారం, నరం పక్కన ఇస్తే స్పర్శ తెలియని కాలం ఆరు గంటలకు పైగా పెరుగుతుంది. చిత్రమేమంటే, సిరలోకి ఇచ్చినా అది దాదాపు అంతే పెరిగింది! రెండు పద్ధతులనూ నేరుగా పోల్చిన ప్రయోగాల్లో మాత్రం నరం పక్కన ఇచ్చినదే సుమారు 3 గంటలు ఎక్కువ నిలిచింది. ఆ మూడు గంటల కోసం నరాన్ని తాకించాలా, సిర చాలా అన్నదానిపై వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. అమెరికాలో ఆ మందుకు ఆమోదించిన ఉపయోగాల్లో నర్వ్ బ్లాక్ లేదు. నరం పక్కన వాడేవారు తమ బాధ్యత మీదనే వాడుతున్నారు.