ఫోను మోగితే పరుగు

మా వీధంతటికీ ఒకటే ఫోను ఉన్న రోజుల్లో, కబురొస్తే అమ్మ చేతిలో పని వదిలేసి పరిగెత్తేది. ట్రంక్ కాల్ అంటే పెళ్ళి కబురో, చావు కబురో. కనెక్షన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన తరం అది. ఫోన్లో వినిపించే గొంతుని అనుమానించడం వాళ్ళకి అలవాటు లేదు.

1995లో దేశంలో మొదటి మొబైల్ కాల్ వెళ్ళింది. పోనుపోను మాట చవకైంది, లోన్లూ క్రెడిట్ కార్డులూ అమ్మేవాళ్ళ గోల మొదలైంది. ఈ కాల్స్ మాకొద్దనేవాళ్ళ కోసం 2007లో జాతీయ జాబితా పెట్టారు, 2011లో నిబంధనలు బిగించారు. అయితే అవన్నీ అమ్ముకునేవాడి కోసం. దొంగకి జాబితాతో పనేముంది?

పోయినేడు అమ్మకి ఒక 'పోలీసు' వీడియో కాల్ చేశాడు. డిజిటల్ అరెస్టు అన్నాడు, ఎవరికీ చెప్పొద్దన్నాడు. అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. అయినా రెండు గంటలు ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. పక్కింటి పిన్నిగారు తలుపు కొట్టబట్టి డబ్బు దక్కింది.

“మధ్యలో పెట్టేస్తే బాగుండదేమో అనుకున్నాన్రా” అంది.

వాడు పట్టుకున్నది ఆ పాత మర్యాదని. డబ్బు పోతే వెంటనే చెయ్యాల్సిన 1930 నంబరుని క్యాలెండరు మీద రాసిపెట్టాను. ఫోను ఠక్కున పెట్టెయ్యడం మాత్రం ఆవిడకింకా చేతకావడం లేదు.