థ్రెడ్లుంటే డీబగ్గర్ పనికిరాదా?

"థ్రెడ్లున్న ప్రోగ్రాంకి జీడీబీ పనికిరాదు, ప్రింటెఫ్‌లు పెట్టుకోవడమే." ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాద్‌లో మా సీనియర్లు చెప్పిన మాట ఇది. మొన్న శివరాత్రికి నరసరావుపేట వెళ్తే, మా వీధిలో ఇంజనీరింగు చదివే కుర్రాడొకడు అదే మాట పొల్లుపోకుండా నాకే అప్పజెప్పాడు. ఎవరు చెప్పారయ్యా అంటే "అందరూ అంటారు గదన్నా" అన్నాడు. వాడు పుట్టకముందే నయమైపోయిన జబ్బు ఇది! ఆ మాట ఊరికే పుట్టలేదు, ఒకప్పుడు నిజమే. ఎప్పటిదాకా నిజమో చూద్దాం.

జీడీబీని రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాశాడు. అప్పటి లెక్కలో ఒక ప్రోగ్రాం అంటే ఒకే దారిలో నడిచే ఒకే ప్రాసెస్. థ్రెడ్లకి పోసిక్స్ ప్రమాణం వచ్చిందే 1995లో. లైనక్స్‌కి లైనక్స్‌థ్రెడ్స్ అనే లైబ్రరీని గ్జేవియర్ లెరాయ్ 1996లో ఇచ్చాడు (ఓకామల్ భాష తయారుచేసినవాళ్ళలో ముఖ్యుడు ఈయనే). ఉన్న కెర్నెల్‌తోనే పని జరిపించడానికి ఆయన ఒక తెలివైన సర్దుబాటు చేశాడు: క్లోన్ అనే సిస్టం కాల్‌తో ప్రతి థ్రెడ్డునీ విడి ప్రాసెస్‌లాగే పుట్టించాడు. జ్ఞాపకం మాత్రం ఉమ్మడి. పీయస్ కొడితే ఒక్క ప్రోగ్రాంకి పది వరసలు కనబడేవి, దేని పీఐడీ దానిదే. వీటి మీద పెత్తనానికి మేనేజర్ థ్రెడ్ ఒకటి అదనం.

చిక్కంతా ఇక్కడే. ఈ పదీ ఒకే ఇంటివాళ్ళని కెర్నెల్‌కి సరిగా తెలియదు. కెర్నెల్‌కే తెలియంది డీబగ్గర్‌కి ఎవరు చెప్తారు? అందుకని జీడీబీ దొడ్డిదారి పట్టింది. సోలారిస్ నుంచి నమూనా తీసుకున్న లిబ్‌థ్రెడ్‌డీబీ అనే లైబ్రరీ, నడుస్తున్న ప్రోగ్రాం జ్ఞాపకంలోకి తొంగిచూసి, థ్రెడ్ల లైబ్రరీ రాసుకున్న పట్టికలు చదివి, ఇదిగో నీ థ్రెడ్లు అని చెప్పేది. కొత్త థ్రెడ్ పుట్టిందని తెలుసుకోవడానికి లైబ్రరీలోని ఒక ఫంక్షన్ మీద రహస్యంగా బ్రేక్‌పాయింట్ పెట్టుకునేది. లైబ్రరీలోంచి సింబల్స్ తీసేస్తే, లేదా వెర్షన్లు కలవకపోతే, అంతా గోవిందా. థ్రెడ్లు తమలో తాము లేపుకోడానికి వాడుకునే సిగ్నల్‌ని జీడీబీ గుర్తుపట్టలేక "సిగ్32 వచ్చింది" అంటూ అడుగడుగునా ఆగిపోయేది. ఆ సిగ్నల్‌ని పట్టించుకోవద్దని చెప్పే ఆదేశం ఒకటి చీటీ మీద రాసి మానిటర్‌కి అంటించుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఇంకో గొడవ బ్రేక్‌పాయింట్‌ది. ఎక్స్86లో బ్రేక్‌పాయింట్ అంటే అసలు ఇన్‌స్ట్రక్షన్ మొదటి బైటు తీసి అక్కడ 0ఎక్స్‌సీసీ పెట్టడం. ముందుకు సాగాలంటే పాత బైటు తిరిగి పెట్టి, ఒక్క అడుగు వేయించి, మళ్ళీ సీసీ పెట్టాలి. ఆ మధ్య క్షణంలో ఇంకో థ్రెడ్ అటుగా వచ్చిందనుకోండి, ఆగకుండా దాటిపోతుంది. మీరు "ఈ లైనుకి ఎవరూ రాలేదు" అనుకుంటారు. వచ్చారు! డీబగ్గర్ అబద్ధం చెప్పింది. రెండు థ్రెడ్లు ఒకేసారి సీసీని తొక్కితే ఇంకో తంటా: ఒకదాని సంగతి మనకి చెప్పి, రెండోదాన్ని ఒక బైటు వెనక్కి జరిపి మళ్ళీ తొక్కేలా చూడాలి. అది మరిచిపోతే రెండోది ఇన్‌స్ట్రక్షన్ నడిమధ్యలోంచి నడక మొదలుపెట్టి కూలిపోతుంది, తప్పేమో మీ ప్రోగ్రాం మీద పడుతుంది.

2000 ప్రాంతంలో మార్క్ కెటెనిస్ కూర్చుని ఈ భాగాన్ని తిరగరాశాడు. ఒక థ్రెడ్ ఆగగానే మిగతా అన్నిట్నీ ఆపడం, ఎవరెవరికి ఏ సిగ్నల్ బాకీ ఉందో లెక్క రాసుకోవడం, ఇవన్నీ ఆ పనిలోవే. ఎవరూ సన్మానాలు చేయని పని ఇది. కానీ జబ్బు మూలం కెర్నెల్‌లో ఉంది గనక అక్కడ తప్పితే పూర్తిగా నయం కాదు. 2002లో రెడ్‌హాట్‌కి చెందిన ఉల్రిక్ డ్రెపర్, ఇంగో మోల్నార్ ఎన్‌పీటీఎల్ అనే కొత్త థ్రెడ్ లైబ్రరీ, దానికి కావలసిన కెర్నెల్ మార్పులు ప్రకటించారు. లక్ష థ్రెడ్లు పుట్టించి ముగించడానికి అంతకుముందు పదిహేను నిమిషాలు పట్టేది, రెండు సెకన్లకి దిగిందని చెప్పారు. అందరూ ఆ అంకె గురించే మాట్లాడుకున్నారు. నా దృష్టిలో అసలు లాభం వేరు. థ్రెడ్లన్నీ ఒకే పీఐడీ కింద ఒక గుంపని కెర్నెల్‌కి తెలిసింది. ఆ ఏడాదే 2.5.46 కెర్నెల్‌లో పీట్రేస్‌కి, కొత్త థ్రెడ్ పుట్టగానే డీబగ్గర్‌కి కబురుపెట్టే సదుపాయం వచ్చింది. 2003 మార్చిలో రెడ్‌హాట్ లైనక్స్ 9, డిసెంబరులో 2.6 కెర్నెల్ వచ్చేసరికి రోగం మూలం తెగింది. అంతకుముందు 2.4లో ప్రోగ్రాం కూలితే కోర్ ఫైల్లో కూలిన ఒక్క థ్రెడ్డే ఉండేది. అర్ధరాత్రి కస్టమర్ దగ్గర సర్వర్ పడిపోతే, పడగొట్టిన థ్రెడ్ ఏదో తెలిసే దారే లేదు.

మిగిలింది అన్నీ ఆపడం అనే పద్ధతి. మా కోటప్పకొండ తిరణాళ్ళలో ఒక ప్రభ బండి ఇరుసు విరిగితే వెనకున్న ప్రభలన్నీ ఆగాల్సిందే, అలాగన్నమాట. ఆ ఒక్కదాన్నీ పక్కకి తీసి మిగతావాటిని పోనివ్వడం 2009 అక్టోబరులో జీడీబీ 7.0తో వచ్చింది. దాన్ని నాన్‌స్టాప్ అంటారు. బైటు తీసి పెట్టే బదులు ఇన్‌స్ట్రక్షన్‌ని వేరేచోట నకలు చేసి అక్కడ నడిపించే ఉపాయం లేకపోతే ఇది కుదిరేది కాదు.

మరి 2003లో పోయిన జబ్బు పేరు ఇప్పటికీ ఎందుకు వినబడుతోంది? ఒక కారణం, మన ఆఫీసుల్లో ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు పాత కెర్నెళ్ళ మీదే పని జరిగింది. రెండోది నాకు కోపం తెప్పించేది: మళ్ళీ ఎవరూ పరీక్షించి చూడలేదు. నేను పనిచేసిన ఒకచోట ఒక డెడ్‌లాక్ బగ్గుని మూడు వారాలు ప్రింటెఫ్‌లతో వెతికి, చివరికి "మళ్ళీ రావట్లేదు" అని మూసేశారు. దాన్ని వెతికిన కొత్త పిల్లకి ఆ ఏడు రేటింగు తగ్గింది.

ఆ మాటలో నిజం పాలు లేకపోలేదు. బ్రేక్‌పాయింట్ పెడితే థ్రెడ్ల నడక తాళం మారుతుంది, రేస్ బగ్గు మాయమవుతుంది. అది డీబగ్గర్ లోపం కాదు, ప్రింటెఫ్ కూడా అదే చేస్తుంది. రేస్‌కి థ్రెడ్‌శానిటైజర్ వాడాలి.

కానీ డెడ్‌లాక్‌కి తాళంతో పనిలేదు, ఇరుక్కున్నది ఎక్కడికీ పోదు. జీడీబీని ఆ ప్రాసెస్‌కి తగిలించి "థ్రెడ్ అప్లై ఆల్ బీటీ" కొట్టండి. ఏ థ్రెడ్ ఏ మ్యూటెక్స్ దగ్గర పడిగాపులు కాస్తోందో కనబడుతుంది. ఆ మ్యూటెక్స్‌ని ప్రింట్ చేస్తే లోపల ఓనర్ అనే గడిలో ఒక నంబరు ఉంటుంది. "ఇన్ఫో థ్రెడ్స్" జాబితాలో ఎల్‌డబ్ల్యూపీ అన్నచోట అదే నంబరున్న థ్రెడ్డే లాక్ పట్టుకుని కూర్చున్నది.